ముప్ఫై మీటర్ల గడి

బుల్లియ్యపాలెం,
ఫిబ్రవరి 11.

మరదలు సారికకు వదిన ప్రిస్కిల్లా వందనాలు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటి అని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్లో అయితే నువ్వు ‘ఆ వదినా, ఆ వదినా’ అంటూ కంప్యూటర్లో నీ పని నువ్వు చూసుకుంటావు, నేను గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుంటాను. ఉత్తరమైతే చదవాలి, చదివాక జవాబు రాయాలి. ఏళ్ళ తరబడి పిల్లల చేత సోషల్ జవాబులు రాయిస్తున్నదాన్ని, నీ చేత రాయించలేనా?

మన లంకలో వరద షెల్టర్ కడతారట. కింద స్తంభాలు, పైన పెద్ద హాలు. సంతోషమే. గోదారి పోటెత్తినప్పుడల్లా మనకీ ఏటిగట్టుకీ మధ్యనున్న పాయ ముందు నిండుతుంది. ఆ తరవాత పడవలొస్తే గట్టు మీదికి చేరతాం, రాకపోతే దేవుడే దిక్కు. ఇక్కడే పుట్టినదానివి, నీకు నేను చెప్పక్కర్లేదు. మొన్న మండలాఫీసు నుంచి ఒకాయన రంగుల పటం తెచ్చి పంచాయతీ అరుగు మీద పరిచాడు. ఊళ్ళోకల్లా ఎత్తైన చోటుకి ఎర్రరంగు వేసి ఉంది. షెల్టర్ అక్కడే అన్నాడు. ఆ చోటు వెంకటరాజు గారి కొబ్బరితోట.

మళ్ళీ చదువుకో. వెంకటరాజు గారి కొబ్బరితోట. వాన రాజోలులో పడినా నీళ్ళు ముందు నిలిచేది అక్కడే. చిన్నప్పుడు నువ్వూ మీ అన్నయ్యా అరటి బొందల మీద తేలింది ఆ తోటలోనే కదా. పటం కింద మూలన మీ కంపెనీ పేరుంది, దాని కింద ‘తయారుచేసినవారు’ అని నీ పేరుంది. పుట్టింటిని కొండెక్కించిన ఆడపడుచుని నేను ఇంతవరకూ చూళ్ళేదు. కాకినాడలో ఏసీ గదిలో కూర్చుంటే లంకల్లో కొండలు మొలుస్తాయి కాబోలు.

అడగ్గానే స్థలం ఇస్తానన్నారట వెంకటరాజు గారు. ఎందుకివ్వరు? ఆ మూల ఎండ్రకాయల బొరియలే తప్ప కాపు లేదు. రాతి పలక మీద పేరు మాత్రం ఉంటుంది. రేపు వరదొస్తే పాలెం జనమంతా చంటిపిల్లల్ని చంకనేసుకుని, నీళ్ళకి ఎదురెళ్ళి, ఊళ్ళోకల్లా లోతైన చోట మెట్లు వెతుక్కోవాలి. షెల్టర్‌కి చేరేలోపే సగం మంది పోతారు. ఊళ్ళో ఎత్తు ఎక్కడంటే చిన్నపిల్లాడిని అడిగినా మన చర్చి గుడి ఆవరణ అంటాడు. అక్కడ కట్టమని రాయి.

మీ అన్నయ్య ఉంటే నెత్తిన ఒక మొట్టికాయ వేసి చెప్పేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఆ పని నా మీద పడింది.

ప్రిస్కిల్లా

*

కాకినాడ,
ఫిబ్రవరి 20.

శ్రీమతి ప్రిస్కిల్లా టీచరు గారికి, వెనక బెంచీ విద్యార్థిని సారిక వందనాలు.

మీ ప్రశ్నాపత్రం అందిందండి. సమాధానాలు వరసగా రాస్తున్నాను, ఎర్ర సిరా దగ్గర పెట్టుకోండి.

ఆ పటానికి ఆధారం డిజిటల్ ఎలివేషన్ మోడల్. భూమిని గళ్ళు గళ్ళుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు అంకె రాసుకున్న లెక్క అనుకోండి. మేం వాడినదాంట్లో గడి ముప్ఫై మీటర్లది. అంటే ముప్ఫై మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న ముక్కకి మొత్తానికి ఒకటే అంకె. ఆ అంకె ఉపగ్రహం రాడార్‌తో తీసింది. పైనుంచి వచ్చే తరంగం ముందు దేన్ని తాకితే దాని ఎత్తే రాసుకుంటుంది. కొబ్బరితోట మీద అది మట్టల్ని తాకింది. మీ కొండ అలా మొలిచింది.

ఇది మాకు తెలియదని మీరు అనుకుంటున్నారు. తెలుసండి. ఎత్తులో నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చని రిపోర్టు చివర రాశాం కూడా. ఎవరూ చదవరు, అది మా తప్పు కాదు. జిల్లా మొత్తానికి ఒకటే కొలత కావాలన్నారు, ఇచ్చాం. రంపచోడవరం వైపు ఇదే మోడల్‌తో వాగులన్నీ చక్కగా వచ్చాయి, అక్కడివాళ్ళెవరూ మాకు ఉత్తరాలు రాయలేదు. ఉపగ్రహం బుల్లియ్యపాలెం కోసం పుట్టలేదు వదినగారూ.

ఇక గుడి ఆవరణ ఎత్తన్నారు. కొలిచారా? ‘చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు’ అన్నది కొలత కాదండి. మా ఆఫీసులో అలా రాస్తే ఉద్యోగం పోతుంది.

సారిక

*

బుల్లియ్యపాలెం,
మార్చి 4.

సారికా,

ఎర్ర సిరా దగ్గరే పెట్టుకున్నాను. నీకు సున్నా.

నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అని ఎంత తేలిగ్గా రాశావమ్మా. నది నుంచి వెనక డ్రెయిను దాకా మన లంక మొత్తంలో ఎత్తుపల్లాల తేడా అందులో సగం ఉండదు. కొండల్లో నాలుగు మీటర్లు పోతే ఎవరికి పట్టింది? ఇక్కడ ఒక్క మూరెడు తేడాతో ఒకరి ఇల్లు మునుగుతుంది, ఒకరి ఇల్లు తేలుతుంది. లారీలు తూచే కాటా మీద మల్లెపూలు తూచి, మూరకింత అని ధర చెబుతున్నారు మీరు.

నీ మాట నమ్మి తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక పని చేయించాను. ఊరి పటం మీద నీ ముప్ఫై మీటర్ల గళ్ళు గీయించాను. పాయ అవతల ఏటిగట్టు ఉందా, దాని నెత్తిన ఎడ్లబండి పట్టేంత వెడల్పే ఉంటుంది కదా. నీ గడిలో పడేసరికి అది పక్క చేలతో కలిసి సగటైపోయింది. గోదారికి అడ్డం నిలబడ్డ గట్టునే చూడని పటం గోదారి ఎటు పోతుందో చెబుతుందిట. హారతి అనే పిల్ల లేచి, ‘మరి ఈ పటం ఎందుకు టీచర్?’ అంది. గోడకి తగిలించుకోవడానికమ్మా అన్నాను.

రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో రాశామన్నావు. సిగరెట్టు పెట్టె మీద కూడా రాస్తారు.

వానలు పడేలోగా తోటలో ముగ్గు పోస్తారట. మీ బాసు చంద్రరావు గారిని వెంటబెట్టుకుని ఒకసారి రా. ఆ తోటలో చాప వేసి కూర్చోబెడతాను, జూలైలో.

ప్రిస్కిల్లా

*

కాకినాడ,
ఏప్రిల్ 22.

వదినగారికి,

ఆలస్యమైంది. మీరు అనుకున్నట్టు సిగ్గుతో కాదు, పని వల్ల.

మీ ఉత్తరం చంద్రరావు గారికి చదివి వినిపించాను. మల్లెపూల దగ్గర నవ్వారు. నవ్వడం అయ్యాక, ‘ముప్ఫై మీటర్లు చాలమ్మా, జిల్లాకంతా అదే వాడాం, ఒక్క ఊరికి కొత్తది చేస్తే మిగతా ఊళ్ళు ఊరుకుంటాయా?’ అన్నారు. తప్పు ఒకచోట ఒప్పుకుంటే అన్నిచోట్లా ఒప్పుకోవాల్సి వస్తుందని ఆయన భయం. అంత పెద్ద మనిషికి అంత చిన్న భయం ఉంటుందని నాకు తెలియదు. పటం కింద ఉన్నది నా పేరు, ఆయనది కాదు. అది గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

రావులపాలెం దగ్గర హైవే సర్వేకి మా డ్రోన్ టీమ్ వచ్చి ఉంది. వాళ్ళని బతిమాలి ఒక్క పూటకి మన లంకకి పంపించాను. పోయిన వారం మీ నెత్తి మీద తిరిగిన తూనీగ అదే. లేజర్ కిరణాలు గుప్పిళ్ళకొద్దీ చల్లుతుంది. చాలావరకు మట్టల మీదే ఆగిపోతాయి, కొన్ని సందుల్లోంచి జారి నేలని తాకుతాయి. నేలని తాకిన వాటిని మాత్రమే ఏరి మోడల్ కట్టాను. ఇప్పుడు గడి అర మీటరుది.

మీరే గెలిచారు. వెంకటరాజు గారి తోట లంకలోకెల్లా పల్లం. పాత పటంలో తోటకి వేసిన ఎరుపు తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. ‘మీరే గెలిచారు’ అన్న వాక్యం పటం కట్టించి మీ క్లాసులో తగిలించుకోండి.

కానీ సంబరపడకండి. మీ గుడి ఆవరణ కూడా ఎత్తేమీ కాదు. పక్కనున్న వరి చేను కంటే జానెడు పైన ఉంది, అంతే. గుడికి ఎత్తైన మెట్లున్నాయి, మీరందరూ ఆ మెట్లెక్కి నిలబడి ‘అబ్బో ఎంత ఎత్తు’ అనుకుంటున్నారు. మా ఉపగ్రహం కొబ్బరి మట్టల్ని నేల అనుకుంది, మీరు గుడి మెట్లని నేల అనుకున్నారు. తేడా ఏంటంటే, ఉపగ్రహం ప్రతి ఆదివారం అక్కడికి వెళ్ళదు.

తోటలో ముగ్గు పోయడం ఆపించాను. స్థలం సంగతి ఆగస్టు నెలాఖరున కమిటీ తేలుస్తుంది. రిపోర్టు ఇంకా రాస్తున్నాను. ఉంటాను.

సారిక

*

బుల్లియ్యపాలెం,
మే 2.

సారికా,

మెట్ల మాట బాగా తగిలింది. ఆదివారం గుడికెళ్ళి దొంగచూపులు చూస్తూ దిగాను. నువ్వన్నది నిజమే. ఊరంతా గుడ్డిది, ఆ గుడ్డివాళ్ళకి టీచర్ని నేను.

అదలా ఉంచు. తోట పల్లం అని రాశావు, గుడి పల్లం అని రాశావు. చంద్రరావు గారి భయం కూడా రాశావు. ఎత్తు ఎక్కడుందో మాత్రం రాయలేదు. పరీక్షలో తెలియని ప్రశ్నని వదిలేసే పిల్లల్ని చూశాను, తెలిసిన ప్రశ్నని వదిలేసే పిల్లల్ని కూడా చూశాను. నువ్వు రెండో రకం. ఏం దాస్తున్నావు?

ప్రిస్కిల్లా

*

కాకినాడ,
మే 19.

వదినా,

సమాధుల దిబ్బ.

నెల రోజులుగా ఈ రెండు మాటలు రాయలేక తిరుగుతున్నాను. లంక మొత్తంలో ఎత్తైన చోటు మన సమాధుల దిబ్బ. గుడి ఆవరణ కంటే నిలువెత్తు పైన ఉంది. పెద్ద వరదకి కూడా మునగదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. వెంకటరాజు గారి తాత ఆ దిబ్బని మనవాళ్ళకి ఎందుకిచ్చారు? కాలవ నీళ్ళు ఎక్కవు, వరి పండదు, పనికిరాదు కాబట్టి ఇచ్చారు. మనవాళ్ళు ఎందుకు పుచ్చుకున్నారు? ఇంకెక్కడ గొయ్యి తవ్వినా రెండడుగులకే నీళ్ళూరతాయి కాబట్టి. లంకలో ఉన్న ఒక్క మెరకనీ చచ్చినవాళ్ళకిచ్చి, బతికున్నవాళ్ళం పల్లంలో కాపురాలు పెట్టుకున్నాం. ఇంత తెలివైన ఊరు ఇంకోటి ఉండదు.

ముప్ఫై మీటర్ల గళ్ళలో ఆ దిబ్బ లేనే లేదు. సన్నటి దిబ్బ కదా, చుట్టూ ఉన్న చేలల్లో కలిసిపోయింది. అర మీటరులో సమాధులతో సహా కనిపిస్తోంది. అన్నయ్యది కూడా. మీరు వేయించిన టైల్స్ అంచు సన్నటి గీతలా ఉంది. దాన్ని చూశాక ఆ రోజు ఇంకేమీ చెయ్యలేకపోయాను.

షెల్టర్ అక్కడ కడితే చాలా సమాధులు స్తంభాల మధ్య అలాగే ఉండిపోతాయి. మెట్ల వైపు వరసని మాత్రం తీసి పక్కకి మార్చాలి. అన్నయ్య ఆ వరసలో ఉన్నాడు.

ఒక దారి ఉంది, అది కూడా చెబుతాను. రిపోర్టు పంపేముందు గడిని మళ్ళీ పెద్దది చేస్తే దిబ్బ చేలల్లో కలిసిపోతుంది. అప్పుడు గుడి ఆవరణే అన్నిటికంటే ఎత్తుగా వస్తుంది, షెల్టర్ అక్కడే కడతారు. మా వాళ్ళు దాన్ని అబద్ధం అనరు, సగటు అంటారు. కాకపోతే పెద్ద వరదొస్తే మెట్ల దాకా వెళ్ళే దారి మునుగుతుంది. తోటంత లోతు కాదు, అయినా ముసలివాళ్ళూ పిల్లలూ దాటలేనంత.

ఏం చెయ్యమంటారు?

సారిక

*

బుల్లియ్యపాలెం,
జూన్ 3.

సారికా,

గడి పెద్దది చెయ్యి.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. మన పాస్టరు ఆశీర్వాదం గారికి కూడా చెప్పలేదు. చెబితే ఆయన మూడు వారాలు ప్రార్థన పెట్టించి, నాలుగో వారం ‘మీ ఇష్టం అమ్మా’ అంటారు.

వెక్కిరిస్తావని తెలుసు. పాత ఉత్తరాలన్నీ తీసి నా మాటలు నాకే వినిపిస్తావు. వినిపించు. పటం గురించి అంత గొప్పగా మాట్లాడినప్పుడు అందులో మా ఆయన వస్తాడని నాకు తెలియదు. బడి అయ్యాక కాసేపు అక్కడ కూర్చుని, పిల్లల సంగతులూ నీ సంగతులూ చెప్పి వస్తాను. నాలుగేళ్ళుగా నాకు ఉన్న మాటామంతీ అంతే. ఆయన్ని పలుగులు పెట్టి తవ్వుతుంటే చూస్తూ నిలబడలేను. నిలబడలేనంతే, దానికి వేరే కారణం ఏమీ లేదు.

గుడి దగ్గర కట్టనీ. దారి మునిగితే మునుగుతుంది, పడవలొస్తాయి. ఇన్నేళ్ళూ రాలేదా?

ప్రిస్కిల్లా

*

కాకినాడ,
జూన్ 15.

టీచరు గారికి,

పడవలొస్తాయిట. ఫిబ్రవరిలో ‘రాకపోతే దేవుడే దిక్కు’ అని రాసిన చేత్తోనే ఇదీ రాశారు. నేను మట్టల్ని నేల అనుకుంటే సున్నా వేశారు. ఇప్పుడు ఉన్న మెరకని లేదనమంటున్నారు, దీనికి మీరు ఎన్ని మార్కులు వేస్తారో చెప్పండి.

నాకు చేతకాదని కాదు. నిమిషం పని. కొండలు మొలిపించడం వచ్చినదానికి ఉన్నదాన్ని చదును చెయ్యడం ఒక లెక్కా? పైగా ఆయన మీకు మొగుడైతే నాకు అన్నయ్య. ఆ వరస తీసి మార్చాలని రాయడం నాకు తేలికైందనుకుంటున్నారా?

చేస్తాను. కానీ ఒక షరతు. కమిటీకి ఇంకా టైముంది. ఈలోగా మళ్ళీ ఒకసారి నాకు రాయండి. ‘ఊరికి ఏమైనా పర్వాలేదు, గడి పెద్దది చెయ్యి’ అని ఈ మాటలతోనే, మీ చేత్తోనే రాయండి. అలా రాయగలిగితే నేనూ చెయ్యగలను.

సారిక

*

బుల్లియ్యపాలెం,
ఆగస్టు 9.

సారికా,

రాయమన్నావు కదా, రాస్తున్నాను. చేతులు ఇంకా బురద వాసనే కొడుతున్నాయి, కాగితానికి అంటితే ఏమీ అనుకోకు.

టీవీలో చూసే ఉంటావు. సోమవారం పొద్దున్నే పాయ నిండింది. పడవలకోసం ఫోన్లు చేశాం. పల్లపు లంకలకి ముందు పంపుతున్నాం, మీది ఎత్తైన ఊరు కదా, కాస్త ఆగండి అన్నారు. ఏ పటం చూసి అన్నారో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు కొత్తది తయారుచేసినా ఆఫీసు గోడ మీద ఇంకా పాతదే ఉంది, కొబ్బరితోట ఎర్రగానే ఉంది. నేను జూన్‌లో నీకు ‘పడవలొస్తాయి’ అని రాశాను. ఆ వాక్యం కూడా పటం కట్టించుకోవాలి.

అందరం గుడికి చేరాం. వెంకటరాజు గారింట్లోకి కూడా నీళ్ళొచ్చాయి, ఆయనా వచ్చారు. చిన్నపిల్లాడిని అడిగినా చెప్పే ఎత్తు కదా. మధ్యాహ్నానికి నీళ్ళు మెట్లెక్కాయి. పిల్లల్ని బెంచీల మీద నిలబెట్టారు. ఆశీర్వాదం గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఎక్కడికి వెళ్ళాలో ఆ గుడిలో నా ఒక్కదానికే తెలుసు. చెప్పానంటే ఊరందరికీ తెలిసిపోతుంది, తెలిశాక షెల్టర్ ఇంకెక్కడా కట్టరు. ప్రార్థన సగం అయ్యేదాకా నోరు తెరవలేదు సారికా. పిల్లలు బెంచీల మీద ఏడుస్తున్నారు, నేను మీ అన్నయ్య గురించి ఆలోచిస్తున్నాను. అది కూడా నీకు తెలియాలనే రాస్తున్నాను.

చివరికి హారతి నా కొంగు పట్టుకుని, ‘ఇంకో ఎత్తు లేదా టీచర్?’ అంది. దిబ్బ ఉంది, పదండి అన్నాను.

ఎవరూ కదల్లేదు. కాలవ నీళ్ళు దిబ్బ ఎక్కవని ఊరందరికీ తెలుసు. అయినా చచ్చినవాళ్ళ చోటికి బతికుండగా పరిగెత్తాలని ఒక్కరికీ ఇన్నేళ్ళూ తోచలేదు. పశువులతో సమాధులు తొక్కుతామా అని పెద్దలు గొణిగారు. పీకల దాకా వచ్చినా పెద్దరికం పోదు. నేను ముందు నడిచాను. నడుం లోతు దాటాక నేల పైకి లేచింది, నువ్వు చెప్పినట్టే, చెప్పినచోటే. తాడు పట్టుకుని ఒక్కొక్కరూ వచ్చారు. అందరూ వచ్చారు. మర్నాడు పడవలొచ్చేదాకా అక్కడే ఉన్నాం. మేకలు పూలదండలు తినేశాయి, మీ అమ్మా నాన్నల సమాధుల మీద ఎవరి చంటిపిల్లలో నిద్రపోయారు.

వెంకటరాజు గారు నిలబడే ఉన్నారు పాపం. ఆయన తాత పనికిరాదని పారేసిన చోట కూర్చోవడానికి మొహమాటం. ఇక నిలబడలేక, టైల్స్ ఉన్న చోటు చూసి, ‘ఇది ఎవరిదమ్మా?’ అని అడిగారు. ‘మా ఆయనదండి, కూర్చోండి’ అన్నాను. కూర్చున్నారు. పక్కకి కాస్త జరిగి నాకూ చోటిచ్చారు. ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడుపు రాలేదు. మీ అన్నయ్య బతికుండగా ఇంటికొచ్చినవాళ్ళని కూర్చోమనకుండా ఏనాడూ పంపలేదు.

మెట్ల వైపు వరస తీసేటప్పుడు కబురు చెయ్యమను, వెళ్ళి నిలబడతాను. నువ్వు కూడా రా, ఇద్దరం ఉందాం.

నువ్వు అడిగిన మాటలు నా చేత్తో రాయలేను. రిపోర్టు అర మీటరు గడితోనే పంపు. మీ అన్నయ్య కనబడితే కనబడనీ.

వదిన